కెజియా కాలేజీ కోసం ఉద్దానం దాకా

మా తెనాలి వాళ్లకి శ్రీకాకుళం జిల్లా అంటే రేడియోలో తుఫాను హెచ్చరిక చెప్పేటప్పుడు వినిపించే పేరు. అంతకుమించి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోం. నేనూ అంతే. కాలేజీలో కామర్సు పాఠాలు చెప్పుకుంటూ, వేసవిలో ఆవకాయ పెట్టుకుంటూ, ఉత్తరానికి ఎప్పుడైనా వెళితే విశాఖపట్నం దగ్గరే ఆగిపోయే మనిషిని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అలాంటి నన్ను సుగుణ పలాస రైలెక్కించింది.

సుగుణ నా హాస్టల్ స్నేహితురాలు. గుంటూరులో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. ఆమె పుట్టింది ఇచ్ఛాపురంలో, కాపురం పలాసలో, ఉద్యోగం బడిలో. భర్త యాకోబు జీడిపప్పు కార్ఖానాలో గింజలు కాల్చే బట్టీ దగ్గర మేస్త్రీ. వాళ్ల ఒక్కగానొక్క కూతురు కెజియా ఇంటరు మంచి మార్కులతో పాసై, డిగ్రీలో బిజినెస్ మేనేజ్‌మెంట్ చదువుతానని రెండు విశ్వవిద్యాలయాలకి దరఖాస్తు పెట్టింది. ఒకటి విశాఖపట్నంలో, రెండోది సరిహద్దు దాటాక ఒరిస్సాలో, బరంపురంలో. రెండు చోట్లా సీటు వచ్చింది. చిక్కు అక్కడే మొదలైంది.

"ఇంట్లో మాటల్లేవే. తండ్రి ఇశాపట్నం అంతాడు, కూతురు బరంపురం అంతాది. నువ్వు కామర్సు మేడమ్‌వి, నీ మాటైతే ఇద్దరూ వింతారు. ఒకసారి వొచ్చి సెప్పీసి ఎల్లిపో," అని సుగుణ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది.

సలహా అడిగితే నాకు ఒళ్లు పొంగుతుంది. అడక్కపోయినా ఇస్తాను, అది వేరే సంగతి. రైలెక్కేటప్పటికే నా తీర్పు సిద్ధంగా ఉంది. విశాఖపట్నం పెద్ద ఊరు, పెద్ద కంపెనీలున్న ఊరు, ఇందులో ఆలోచించడానికేముంది? ఆ ముక్క చెప్పేసి, నాలుగు పొట్లాల జీడిపప్పు కొనుక్కుని తిరుగు రైలెక్కుదామనుకున్నాను.

పలాస

పలాసలో మనిషి కంటే ముందు వాసన పలకరిస్తుంది. కాలుతున్న జీడిగింజల వాసన. కాస్త మసి, కాస్త తీపి, ముక్కు చివర సన్నని ఘాటు. రైలు దిగినవాళ్లెవరూ దాన్ని పట్టించుకోకుండా నడిచిపోతుంటే నేనొక్కదాన్నే ప్లాట్‌ఫారం మీద నిలబడి పీల్చాను.

యాకోబు, కెజియా స్టేషన్‌కి వచ్చారు. యాకోబు పొడుగాటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. నా సంచి అందుకుని ముందు నడిచాడు. కాళ్లకి పెద్ద సైజు చెప్పులు, అయినా పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. నేను చూశానని గమనించి కెజియా నా చెయ్యి పట్టుకుని రోడ్డుకి అటువైపున్న హోటల్లోకి లాక్కుపోయింది.

అక్కడ ఉప్మా తిన్నాను. మా ఊరి హోటళ్లలో ఉప్మాలో జీడిపప్పు తగిలితే పక్కవాడికి చూపించి మరీ తింటాం. ఇక్కడ చెంచా పెట్టిన చోటల్లా జీడిపప్పే. రవ్వ కోసం వెతుక్కోవలసి వచ్చింది. బిల్లు మరీ తక్కువగా ఉండటం చూసి లెక్క తప్పిందేమోనని నేను మళ్లీ అడిగితే, హోటలాయన ఎక్కువైందనుకుని ఒక రూపాయి తగ్గించాడు.

యాకోబు కార్ఖానా చూపించాడు. పెద్ద ఇనప డ్రమ్ములో గింజలు మండుతూ తిరుగుతున్నాయి. నల్లగా కాలి బయటపడ్డ గింజల్ని వరసగా కూర్చున్న ఆడవాళ్లు చేతులకి బూడిద రాసుకుని, కర్ర సుత్తితో ఒక్క దెబ్బ కొడుతున్నారు. ఆ ఒక్క దెబ్బకి పెంకు విడిపోతుంది, లోపల పప్పు మాత్రం నెలవంకలా చెక్కు చెదరకుండా ఉంటుంది. వాళ్లు పక్కవాళ్లతో పెళ్లిళ్ల కబుర్లు చెప్పుకుంటూనే కొడుతున్నారు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ తెరిచిన నోరే కొంప ముంచింది.

మాకు చింతగింజ కనపడితే నోట్లో వేసుకుని కొరికే అలవాటు. మూల కుప్పగా పోసిన పచ్చి గింజల్లోంచి ఒకటి తీసి పళ్ల మధ్య పెట్టి నొక్కాను. యాకోబు పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్ గోరూ, ఒగ్గీండి, ఒగ్గీండి. కాల్సని గింజది. జీడి తగిల్తే బొబ్బలెక్కిపోతాది."

చెప్పడం ఆలస్యమైంది. కెజియా కొబ్బరినూనె రాసింది, సుగుణ వచ్చి తిట్టింది. సాయంత్రానికి నా కింది పెదవి పైపెదవికి మూడింతలైంది. సలహా చెప్పడానికి వచ్చిన మనిషికి మాట పడిపోయింది.

టెక్కలి

మర్నాడు బస్సులో టెక్కలి వెళ్లాం. అక్కడ యాకోబు అన్నగారు దానియేలు ఉంటాడు. బాప్టిస్టు సంఘంలో పెద్ద. పిల్ల చదువు సంగతి ఆయన ఇంట్లో ప్రార్థనలో పెట్టాలట. దారిలో సుగుణ నాకు అసలు కథ చెప్పింది.

విశాఖపట్నం సీటు ముందు వచ్చింది. ఆ ఆదివారమే యాకోబు ఉద్దానంలో తను పుట్టిన ఊరి చర్చిలో లేచి, నా కూతురికి ఇశాపట్నంలో సీటిచ్చిన దేవుడికి కృతజ్ఞత అని చెప్పేశాడు. జనం పాట పాడారు, బెల్లం పరమాన్నం వండుకుని తిన్నారు. అంతా అయ్యాక బరంపురం సీటు వచ్చింది. పిల్ల అదే కావాలంది.

"కృతజ్ఞత సెప్పీసినాడు, పరమాన్నం తినీసినారు. ఇప్పుడు మార్సితే దేవుడి దగ్గిర మాటేటౌతాది అంతాడు. ఇంకా రాని సీటు సంగతి దేవుడికి తెలుసు గానీ ఈ మనిషికి తెల్దు కదా," అంది సుగుణ. కిటికీ పక్కన కూర్చున్న కెజియా తల్లి మాటకి నవ్వలేదు.

దానియేలు ఇంట్లో చాపలు పరిచారు. సంఘం వాళ్లు చాలామంది వచ్చారు. మా వైపు ఇలాంటి విషయాలు నాలుగు గోడల మధ్య తేలతాయి, తేలకపోతే నలుగురికీ తెలిసి గొడవవుతుంది. ఇక్కడ ముందే నలుగురిలో పెడతారు. పాట, ప్రార్థన అయ్యాక పెద్దాయన విషయం చెప్పి, ఒప్పుకున్నవాళ్లని లేవమంటాడు. ఇష్టమైనవాళ్లు లేచి నిలబడతారు, కానివాళ్లు కూర్చునే ఉంటారు. చేతులెత్తడం లేదు, వాదనలు లేవు. కూర్చున్నవాళ్లని ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు. ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది. మా స్టాఫ్ మీటింగుల్లో పెడితే ఎంత హాయి అనుకున్నాను.

అయితే ప్రార్థన నేననుకున్నంత చిన్నది కాదు. మఠం వేసుకుని కూర్చునే అలవాటు తప్పి చాలా కాలమైంది. ఎడమకాలు తిమ్మిరెక్కి నాది కాకుండా పోయింది. ఇక తట్టుకోలేక గోడ పట్టుకుని లేచేసరికి గదంతా నన్నే చూస్తోంది. దానియేలు అప్పుడే, "పిల్ల ఇశాపట్నం ఎల్తాదంటే ఒప్పుకున్నోళ్లు లెగండి," అన్నాడట. తిమ్మిరి బాధలో నేను వినలేదు.

"అదిగో, అంత దూరం నుంచొచ్చిన మేడమ్ గోరే ముందు లెగిసినారు. మరింకేటి?" అన్నాడు ఆయన తృప్తిగా.

చాపలన్నీ ఒక్కసారి ఖాళీ అయ్యాయి. యాకోబు గోడకి చెయ్యి ఆనించి లేచాడు. సుగుణ సగం లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచింది. కెజియా ఒక్కతే కూర్చుని ఉంది. అది కాలు తిమ్మిరండీ అని చెప్పబోయాను. వాచిన మూతిలోంచి ఏవో గాలి శబ్దాలు వచ్చాయి. దానియేలు వాటిని ఆమేన్ కింద జమ వేసుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, నేను మళ్లీ ప్రయత్నించలేదు. పొరపాటున పడ్డా, ఓటు నాకు ఇష్టమైన వైపే పడిందని సరిపెట్టుకున్నాను. ఆఖరి మాట మాత్రం ఆదివారం ఊరి చర్చిలోనే అన్నాడు దానియేలు. కృతజ్ఞత చెప్పిన చోటే అది ఖాయం కావాలట.

భోజనంలో ఆవపెట్టిన పనసపొట్టు కూర. కమ్మగా ఘాటుగా వాసన వస్తోంది. నా మూతికి అది నిషేధం. అందరూ వేళ్లు నాకుతుంటే నేను చల్లటి చోడంబలి తాగుతూ కూర్చున్నాను. చోళ్లంటే మన రాగులే. కెజియా వచ్చి నా గ్లాసులో ఇంకొంచెం మజ్జిగ పోసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ ఏమీ అనకపోవడం నాకు ఆవ కంటే ఘాటుగా తగిలింది.

ఉద్దానం

శనివారం ఉదయం ఆటోలో యాకోబు పుట్టిన ఊరికి, ఉద్దానం తోటల్లోకి బయల్దేరాం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని దారిలో సుగుణ చెప్పింది. అలాంటి మాటలు ప్రతి ఊరివాళ్లూ చెప్పుకుంటారులే అనుకున్నాను. ఆటో పెద్ద రోడ్డు దిగి తోటల్లోకి మళ్లింది. ఆ తర్వాత నేనేమీ అనుకోలేదు.

పైన కొబ్బరి, దాని కింద పనస, ఇంకా కిందికి ఒంగి నేలను తాకుతున్న జీడిమామిడి, సందుల్లో మునగ. ఒక తోట ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. మండే ఎండాకాలం పైనే ఎక్కడో ఆగిపోయింది. నేల మీద ఆకుపచ్చ నీడ మాత్రమే ఉంది. మా ఊళ్లో పొలం అంటే కనుచూపు మేర ఖాళీగా కనిపించాలి. ఇక్కడ పదడుగుల అవతల ఏముందో కనిపించదు, అయినా ప్రతి అడుగులో ఏదో ఒకటి కాస్తోంది. మొదలు నుంచి కొస దాకా కాయలు వేలాడే పనసచెట్టు కింద ఆటో ఆపించి, దిగి, మెడ నొప్పెట్టేదాకా చూశాను. ఆటోవాడు నాకు ఒంట్లో బాగాలేదేమోనని సుగుణని అడిగాడు.

యాకోబు తల్లి దీనమ్మ తోట మధ్య పెంకుటింట్లో ఉంటుంది. నా మూతి చూసి, "జీడా?" అని ఒక్క మాట అడిగి, లేత కొబ్బరి బొండం చెక్కి ఇచ్చింది. మా ఊళ్లో బండి మీద నాలుగు రూపాయలకి కొనే నీళ్లు నీళ్లే కాదని ఆ రోజు తెలిసింది. రెండోది ఇచ్చింది, తాగాను. నాకు, సుగుణకి, కెజియాకి, ఆటోవాడికి అందరికీ ఇచ్చింది. గట్టు మీద కూర్చున్న కొడుక్కి మాత్రం ఇవ్వలేదు.

"ఆయనకి?" అన్నాను. ఆ పాటికి మాటలు కాస్త స్పష్టంగా వస్తున్నాయి.

"ఆడికి డాకటేరు ఒద్దన్నాడమ్మా. కిడ్నీకి పడవంట కొబ్బరి నీళ్లు," అంది దీనమ్మ, కత్తి తుడుచుకుంటూ.

ఈ ఊళ్లలో ఇంటింటా ఈ కిడ్నీ జబ్బే, కాళ్లు వాచిన మనిషిని ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. నీళ్లంటారు కొందరు, నేలంటారు కొందరు, తెలియదంటారు డాక్టర్లు. తలెత్తితే ఆకాశం కనిపించనన్ని కొబ్బరికాయల కింద, ఆ చెట్లు నాటినవాడి కొడుకు మందుల చీటీ ప్రకారం కొలిచిన మంచినీళ్లు తాగుతున్నాడు. నేను తాగేసిన రెండో బొండాన్ని ఆయనకి కనపడకుండా పక్కకి పెట్టాను.

కెజియా నానమ్మతో వంటింట్లోకి వెళ్లాక యాకోబు నాతో మాట్లాడాడు.

"మేడమ్ గోరూ, టెక్కిల్లో మీరు లెగిసినప్పుడు నాకు పేణం నెమ్మదించినాది. బరంపురం ఎందుకంతాదో నాకు తెల్దేటి? రైలెక్కితే బేగి ఇంటికొచ్చీవొచ్చని. నా కాళ్లు సూసి కాలేజీ ఏరుకుంతాంది. ఒక్కపాలి అలాగున ఏరుకున్నాదంటే, ఉద్దోగం అలాగే ఏరుకుంతాది, పెళ్లీ అలాగే సేసుకుంతాది. నా జబ్బు నాకే ఉండాల. దానికి అంటకూడదు."

ఆయన గొంతు పెంచలేదు. వాచిన కాళ్లని పంచెతో కప్పుకున్నాడు. కృతజ్ఞత, పరమాన్నం, దేవుడి దగ్గర మాట అన్నీ పైపై సాకులే. ఈ మనిషి కూతుర్ని తన జబ్బు నుంచి దూరంగా నెట్టేయాలని చూస్తున్నాడు.

సముద్రం

ఎండ తగ్గాక కెజియా నన్ను సముద్రం దగ్గరికి తీసుకెళ్లింది. సముద్రం నాకు కొత్త కాదు. సూర్యలంక చూశాను, విశాఖపట్నం చూశాను. కానీ చెట్ల చీకట్లోంచి నడుస్తూ నడుస్తూ, ఆఖరి జీడికొమ్మ పక్కకి తోసేసరికి ఎదురుగా మొత్తం అదే ఉండటం కొత్త. బఠాణీల బండి లేదు, గుర్రం మీద ఫోటోలు లేవు. ఇసక, నీళ్లు, వాటి మీద అంత ఆకాశం. నేను చెప్పులు చేత్తో పట్టుకుని, పాఠం మర్చిపోయిన పిల్లలా నిలబడిపోయాను.

ఒడ్డున చేపలు ఎండబెట్టి ఉన్నాయి. ఒరిస్సా వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఎండుచేపలు బేరమాడుతోంది. చేపలావిడకి ఒరియా అంతంతమాత్రం. కెజియా మధ్యలో కూర్చుంది. అటు ఒరియా, ఇటు తెలుగు, మధ్యలో నవ్వులు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, చివరికి ఇద్దరు ఆడవాళ్లూ తామే గెలిచామన్న మొహాలతో లేచారు. పాతికేళ్లుగా మార్కెటింగ్ పాఠం చెబుతున్నాను. ఇది నేనెప్పుడూ క్లాసులో చూపించలేకపోయిన పాఠం.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావే?"

"ఇచ్ఛాపురంలో అమ్మమ్మతోటి సంతకెల్లీదాన్ని పిన్నీ. మా కొబ్బరికాయలు, పనసకాయలు బరంపురం బజారుకే పోతాయి. ఇక్కడోళ్లకి అక్కడి ధర తెల్దు, అక్కడోళ్లతో మాటాడీ బాస రాదు. లారీవోడు ఏటి సెప్తే అదే ధర. ఆ బజారు పక్కన మూడేళ్లు కూకుని సదివితే, నాను ఆ లారీ కంటే ముందుంతాను. ఇశాపట్నంలో నాకు ఇంకొకళ్ల యాపారం నేర్పుతారు. నాకు మాది కావాల."

రైల్లో తెచ్చుకున్న తీర్పు ఆ ఇసకలో ఎక్కడో జారిపోయింది. అయినా అడిగాను.

"మరి మీ నాన్న?"

ఆ పిల్ల నీళ్లవైపు చూసింది. "శనివారం సాయంత్రం రైలెక్కితే రాత్రి అన్నానికి ఇంట్లో ఉంతాను. అదీ నిజిమే. రెండూ నిజిమే పిన్నీ. కానీ నాన్నకి రెండోది ఇనిపించినాదంటే మొదటిది సెవికెక్కదు. అందుకే నాను రెండోది ఎవరికీ సెప్పను. మీకే సెప్పినాను. మీ మూతి ఎలాగూ వాసిపోయింది కదా."

నేను నవ్వాను. పెదవి చిట్లి మంట పుట్టింది. ఆ మంటతోనే కళ్లల్లో నీళ్లొచ్చాయని అనుకోనిచ్చాను.

ఆదివారం

ఊరి చర్చి చిన్నది. సున్నం వేసిన గోడలు, ముందు కొబ్బరాకుల పందిరి. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఇంకోవైపు, అందరూ చాపల మీదే. పాటల మధ్య విరామంలో సముద్రం వినిపిస్తూనే ఉంది. నేను గుళ్లకి వెళ్లే మనిషిని, గంట కొట్టి దండం పెట్టి బయటపడటమే ఎరుగుదును. ఇంతమంది ఒకే గొంతుతో పాడుతుంటే ఆ చిన్న గోడలు ఎలా ఆగుతున్నాయో నాకు అర్థం కాలేదు.

సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకి చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. ఒకావిడ తప్పిపోయిన ఆవు దొరికిందని చెప్పింది. తర్వాత కెజియా లేచింది. యాకోబు తల దించుకున్నాడు.

"ఆ వారం మా నాన్న ఇక్కడే నిలబడి నా సీటుకి కృతజ్ఞత సెప్పినారు. మీరంతా పరమాన్నం తిన్నారు," అంది కెజియా. కొందరు నవ్వారు. "తరవాత దేవుడు ఇంకో సీటిచ్చినాడు. దానికి ఇంతవరకూ ఎవరూ కృతజ్ఞత సెప్పనేదు. అది బాకీ ఉండిపోయింది. నాను సెప్తన్నాను. నాకు బరంపురం కావాల. మన కాయలు ఎల్లే బజారు అక్కడుంది. నాను ఆ యాపారం నేర్సుకుంతాను."

కూర్చోలేదు. పాస్టరుగారు దానియేలు వైపు చూశారు. దానియేలు తమ్ముడి వైపు చూశాడు. యాకోబు తలెత్తి, అందరి ముందూ, కూతుర్ని అడిగాడు.

"నా కాళ్లు సూసి కాదు కదేటే?"

చర్చిలో సముద్రం ఒక్కటే వినిపించింది.

"మీ కాళ్లెందుకు నాన్నా," అంది కెజియా. "నా కాళ్లే సూసుకున్నాను."

ఆ పిల్ల చర్చిలో అబద్ధం ఆడలేదు. ఉన్న నిజాల్లో ఒకటి చెప్పి, ఒకటి దాచుకుంది. పదిహేడేళ్లప్పుడు నాకు అంత ప్రేమించడం రాదు, ఇప్పుడైనా వచ్చో రాదో తెలియదు.

"పిల్ల బరంపురం ఎల్తాదంటే ఒప్పుకున్నోళ్లు లెగండి," అన్నారు పాస్టరుగారు.

ఎవరూ లేవలేదు. అందరూ యాకోబునే చూస్తున్నారు. ఆయన చాలాసేపు కూతురి మొహంలో ఏదో వెతికాడు. దొరకలేదు కాబోలు, మొహం తేటపడింది. రెండు చేతులూ చాప మీద ఆనించి, పక్కవాడు అందించబోయిన చెయ్యి వద్దని, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు కూడదీసుకుని లేచి నిలబడ్డాడు. వెంటనే దీనమ్మ, సుగుణ, దానియేలు, మగవాళ్లు, ఆడవాళ్లు, ఆవు దొరికినావిడ, అందరూ లేచారు.

నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నాను. మేడమ్ గారు మొదటి మాట మీదే ఉన్నారు కాబోలని ఎవరూ నన్ను కదిలించలేదు, అది వాళ్ల పద్ధతి. కెజియా మాత్రం వెనక్కి తిరిగి నావైపు చూసింది. ఆ రెండో నిజం తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే.

లేచాను. ఈసారి నా కాలికి తిమ్మిరి లేదు.